పని చేసే లాబ్రడార్లు (ల్యాబ్‌లు) ఉన్న ఇంట్లోకి అమ్మ కోసం ఒక చిన్న కుక్క: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

పసుపు_ల్యాబ్ (యలహంక, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు లాబ్రడార్లు ఉన్నాయని ఇక్కడ చాలామందికి తెలుసు. మాయ పసుపు రంగు ఆడది, అయిదేళ్లు. రాణా నల్లటి మగది, ఈమధ్యే రెండేళ్లు నిండాయి. రెండూ షో లైన్ (అందాల పోటీల కోసం పెంచినవి) కాదు, పని లైన్ (పని కోసం పెంచినవి). పొద్దున్నే డమ్మీలతో (పక్షికి బదులు విసిరే గుడ్డ కట్టలు) రిట్రీవింగ్, అంటే వెతికి తెచ్చి ఇచ్చే పని, చేయిస్తాను. వారాంతాల్లో దేవనహళ్లి వైపు స్నేహితుడి తోటలో కాస్త దూరం డమ్మీలు, నీళ్లలో డమ్మీలు. మాయకు వాసన పట్టే పని కూడా నేర్పిస్తున్నాను.

అమ్మ అనంతపురంలో ఇల్లు ఖాళీ చేసి వచ్చే నెల నుంచి మా దగ్గరే ఉంటుంది. నాన్న పోయాక తనకు మాటాడే తోడు లేకుండా పోయింది. మాయ, రాణా అంటే ఇష్టమే కానీ ముప్పై కిలోల కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు, గొలుసు పట్టుకుని వీధిలో నడిపించలేదు. తనకంటూ ఒక చిన్న కుక్క కావాలని అడిగింది. తేవాలనే నాకూ ఉంది.

నా టెన్షన్ రెండు వైపులా ఉంది. అయిదారు కిలోల ప్రాణి రాణా లాంటి దున్నపోతు పక్కన క్షేమంగా ఉంటుందా? చిన్నది వచ్చాక వీటి పని చెడిపోతుందా? జాతి, వయసు, ఆడా మగా, ఏ విషయమైనా చెప్పండి. మాది ఇండిపెండెంట్ ఇల్లు, వెనక చిన్న పెరడు ఉంది.

కనకపుర_గోల్డెన్స్ (బెంగళూరు)

అన్నా, మా ఇంట్లో ఇదే సంసారం. రెండు గోల్డెన్ రిట్రీవర్లు, ఒక స్పిట్జ్ (చిన్న బొచ్చుకుక్క). ఏళ్లుగా కలిసే ఉన్నాయి కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, కుదురుతుంది. అయితే "వాటి మానాన అవే సర్దుకుంటాయి" అని ఎవరైనా చెప్తే మాత్రం వినకు. సర్దేది మనమే, అదీ రోజూ.

మా పద్ధతి ఇది. ఇంట్లో మనిషి కళ్ల ముందు ఉన్నప్పుడే మూడూ కలిసి ఉంటాయి. నేను స్నానానికి వెళ్లినా, మా ఆవిడ ఫోన్ మీటింగ్‌లో ఉన్నా, గదుల మధ్య అడ్డుగేటు పడుతుంది. గోల్డెన్లు చెడ్డవని కాదు. మా పెద్దది బంగారం లాంటి కుక్క. కానీ ముప్పై కిలోల బంగారం పరిగెత్తుకుంటూ వచ్చి మీద పడితే చిన్నదానికి కాలు విరుగుతుంది. వాటికి కోపం రానక్కర్లేదు, సంతోషం వచ్చినా చాలు.

మొదటిసారి కలపడం ఇంట్లో వద్దు. ఇల్లు పెద్దవాళ్ల రాజ్యం. బయట, ఏ కుక్కదీ కాని ఖాళీ వీధిలో ఇద్దరు మనుషులు రెండు కుక్కల్ని పట్టుకుని ఒకే దిక్కులో, మధ్యలో దూరం ఉంచి నడవాలి. ఎదురెదురుగా ముక్కులు ఆనించి నిలబెట్టడం కాదు. పక్కపక్కనే నడుస్తూ నడుస్తూ దూరం తగ్గించుకుంటూ రావాలి. ముందు మాయతో చెయ్యి, మాయ స్థిమితంగా ఉన్నాక రాణాతో. రెండింటితో ఒకేసారి వద్దు.

హోస్కోట_తోట

నేను వద్దనే చెప్తాను. చిన్న కుక్కలంటే నాకు పడక కాదు, పని కుక్కల సంగతి తెలిసి చెప్తున్నాను.

రాణాకు రెండేళ్లు అంటున్నారు. రిట్రీవర్‌కు కుదురు కుదిరే వయసు అదే. డమ్మీ గాలిలో ఎగిరినా, పడినా, పక్క కుక్క దానికోసం వెళ్లినా, పేరు పిలిచేదాకా కదలకుండా, గొంతు విప్పకుండా కూర్చోవాలి. ఇప్పుడు వీధి గేటు దగ్గర ఒక స్పిట్జ్‌ను పెట్టండి. పాలవాడు వస్తే మొరుగుతుంది, కొరియర్ వస్తే మొరుగుతుంది, డమ్మీ విసిరితే మొరుగుతుంది. కొద్ది రోజుల్లో రాణా కూడా కుంయ్ కుంయ్ మొదలుపెడుతుంది. ఇంగ్లాండ్ ఫీల్డ్ ట్రయల్స్‌లో (పని కుక్కల పోటీల్లో) రిట్రీవర్ మూలిగినా, మొరిగినా ఆ రోజుకు ఇంటికి పంపేస్తారు. అంత కఠినంగా ఎందుకు ఉంటారంటే అది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటుంది, అంటుకున్నాక వదిలించడం దాదాపు అసాధ్యం.

ఇంకో సంగతి. రాణా రోజంతా చిన్నదానితో ఆడుకుని, పీక్కుని, పరిగెత్తి అలసిపోయాక సాయంత్రం మీతో పని చెయ్యడానికి దానిలో ఏం మిగులుతుంది? రిట్రీవర్‌కు లోకంలో అన్నిటికన్నా రుచిగా ఉండాల్సింది మీతో పని. ఆ స్థానం ఇంకో కుక్కకు పోతే మీరు డమ్మీలు విసిరే మనిషి మాత్రమే.

చిన్న_కుక్కల_అక్క (మారతహళ్లి)

హోస్కోట గారూ, మీరు చెప్పిన మొరుగుడు నిజమే. కానీ అది చిన్న కుక్క జాతకం కాదు, దానికి ఎవరూ ఏమీ నేర్పకపోవడం. ల్యాబ్ మొరిగితే ట్రైనర్‌ని పిలుస్తారు, పామీ (పామరేనియన్) మొరిగితే "అయ్యో ముద్దుగా ఉంది" అంటారు. ల్యాబ్ మీదికి ఎగిరితే తప్పు, చిన్నది ఎగిరితే ఎత్తుకుంటారు. ఆ ఇంట్లో రెండు చట్టాలు నడుస్తున్నప్పుడు పెద్ద కుక్కలకు మాత్రం మనశ్శాంతి ఎక్కడ?

పసుపు గారూ, నా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చిన్నదాన్ని కూడా కుక్కలాగే పెంచండి. రాణాకు ఇచ్చిన శిక్షణ దానికీ ఇవ్వండి: కూర్చో, ఆగు, చాప మీదికి వెళ్లు, పిలిస్తే రా. స్పిట్జ్ చాలా తెలివైనది, నేర్పితే ల్యాబ్ కన్నా ముందే పట్టుకుంటుంది. చాప మీద ఉండడం వచ్చిన కుక్క గేటు దగ్గర మొరగదు, ఎందుకంటే గేటు దగ్గరికే వెళ్లదు.

హెబ్బాళ_వెట్

పశువైద్యుడిగా రెండు ముక్కలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పెద్ద కుక్క, చిన్న కుక్క ఉన్న ఇళ్ల నుంచి మా దగ్గరికి వచ్చే కేసుల్లో కాట్ల కన్నా ఆటలో తగిలినవే ఎక్కువ. టాయ్ జాతుల (బుల్లి కుక్కల) ముందుకాళ్ల ఎముకలు పెన్సిల్ అంత సన్నగా ఉంటాయి. సోఫా మీంచి దూకినా విరుగుతాయి, పెద్ద కుక్క పంజా వేసినా విరుగుతాయి. పగ్, షిట్జూల కళ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి, గుంట లోతు తక్కువ. పంజా తగిలినా, మెడ పట్టుకుని గుంజినా కనుగుడ్డు బయటికి వచ్చేయగలదు. అలా జరిగితే వేలితో లోపలికి నొక్కకండి. శుభ్రమైన గుడ్డను సెలైన్‌లోనో మంచినీళ్లలోనో తడిపి కంటిమీద కప్పి వెంటనే ఆసుపత్రికి రండి. ఎంత త్వరగా వస్తే చూపు దక్కే అవకాశం అంత ఎక్కువ.

పెద్దది చిన్నదాన్ని నోటితో పట్టుకుని విదిలిస్తే పైకి రెండు చిన్న చిల్లులే కనిపిస్తాయి. "ఏం కాలేదు, పసుపు పెట్టాం" అని ఇంట్లో ఉంచేస్తారు. లోపల పక్కటెముకలు, ఊపిరితిత్తి, కండరాలు నలిగిపోయి ఉంటాయి. చిల్లు ఎంత చిన్నదైనా చూపించాల్సిందే.

ఇప్పుడు మందులు. ఒకే ఇంట్లో రెండు సైజులు ఉంటే ప్రతి వర్షాకాలం నేను చూసేది ఇదే: ల్యాబ్ కోసం కొన్న పిడుదుల మాత్రను ముక్క విరిచి చిన్నదానికి వెయ్యడం. బరువును బట్టి ఏ కుక్కకు ఆ మాత్ర వేరుగా వస్తుంది. విరిచిన ముక్కలో మందు సమానంగా ఉంటుందన్న భరోసా లేదు. వీపు మీద వేసే మందు కూడా అంతే, ట్యూబులో సగం పిండి ఇంకోదానికి వెయ్యకండి. టీకాలు మాత్రం వేరు. రేబిస్ టీకా అయినా, డిస్టెంపర్, పార్వో టీకా అయినా ల్యాబ్‌కూ పామీకీ డోసు ఒకటే. "మాది చిన్నది కదా, సగం వెయ్యండి" అని అడగకండి.

తోటలకు, చెరువు గట్లకు వెళ్లే కుక్కలు పిడుదులను ఇంటికి తెస్తాయి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే గోధుమరంగు పిడుదు గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో కూడా కాపురం పెట్టగలదు. అంటే గడప దాటని ఒళ్లో కుక్కకు కూడా ఎర్లీకియా, బబేసియా అనే పిడుదు జబ్బులు వచ్చే వీలుంది. ల్యాబ్‌లకు మందు వేసి, "ఇది బయటికి పోదుగా" అని చిన్నదాన్ని వదిలేస్తే పని కాదు. మూడింటికీ ఒకే తేదీన వెయ్యండి. నీళ్లలో ఈదే కుక్కలున్న ఇంట్లో లెప్టో (నీళ్లలోంచి అంటుకునే లెప్టోస్పైరోసిస్ జబ్బు) టీకా కూడా ఏటా మూడింటికీ తప్పకూడదు.

పసుపు_ల్యాబ్

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఇలా ఎవరూ విడమరచి చెప్పలేదు. అమ్మకు కూడా చదివి వినిపించాను.

హోస్కోట అన్నా, మీ మాట కొట్టిపారెయ్యడం లేదు. నాకున్న భయం కూడా అదే. కానీ అమ్మ విషయంలో "వద్దు" అనే మార్గం నాకు లేదు. చెయ్యాల్సి వస్తే ఎలా చెయ్యాలో మీరే చెప్పండి, పని కుక్కల మనిషిగా.

అమ్మకు పగ్ మీద మనసుంది. అనంతపురంలో పక్కింట్లో ఉండేదట.

వేళచ్చేరి_పగ్ (చెన్నై)

పగ్ అనగానే ఆగలేకపోయాను. మాకు పగ్ ఉంది, దానిమీద ప్రాణం. అందుకే చెప్తున్నాను, మీ ఇంటికి పగ్ వద్దు.

నొక్కుకుపోయిన ముక్కు వల్ల గాలి సరిగా ఆడదు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది నాలుక చాపి వగర్చడంతోనే, ఆ వగర్పే దీనికి కష్టం. చెన్నైలో ఏప్రిల్, మే నెలల్లో మా వాడికి సూర్యోదయానికి ముందే నడక అయిపోవాలి. ఆ తర్వాత ఏసీ గది. బెంగళూరు చల్లనే కానీ మీ ఇంట్లో వేడి ఎండ నుంచి రాదు, రాణా నుంచి వస్తుంది. పగ్ తన శక్తి చూసుకోకుండా పెద్దవాటితో సమానంగా పరిగెడుతుంది. ఆగడం దానికి తెలియదు. గురకలాంటి శబ్దం పెరిగి నాలుక ముదురు రంగుకు తిరిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పైగా డాక్టర్ గారు చెప్పిన కళ్ల సంగతి.

ఒంటరిగా ఒక పెద్దావిడతో ఉండే ఇంట్లో పగ్ దేవుడిచ్చిన బిడ్డ. కుర్ర ల్యాబ్ ఉన్న ఇంట్లో కాదు.

కనకపుర_గోల్డెన్స్

జాతుల మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం.

రెండు మూడు కిలోల టాయ్ పామరేనియన్, చివావా అసలు వద్దు. డాక్స్‌హుండ్ ధైర్యస్థుడే, కానీ ఆ పొడుగు వెన్నుకు డిస్కు జబ్బు పెద్ద శాపం. మీద రాణా ఒక్కసారి పడితే నడుము పోతుంది. కావలియర్ స్వభావానికి సాటి లేదు, స్పానియల్ రక్తం, పెద్ద కుక్కలతో చక్కగా కలుస్తుంది. కానీ గుండె కవాటం జబ్బు ఆ జాతిని పీడిస్తోంది, మన దగ్గర మంచి లైన్ దొరకడమూ కష్టం. షిట్జూ నెమ్మదస్తురాలే, జుట్టు పని అమ్మగారికి భారం.

మిగిలింది మన స్పిట్జ్. అందరూ పామీ అని పిలిచేది చాలాసార్లు ఇదే. అయిదు నుంచి ఏడు కిలోలు, మూతి కొంచెం పొడుగు, కాళ్లు గట్టివి, మన ఎండకు తరాలుగా అలవాటు పడింది. మొరుగుతుంది, నిజమే. అక్క చెప్పినట్టు నేర్పాలి.

ఇంకో దారి కూడా ఉంది. జాతి పట్టింపు లేకపోతే నాలుగైదేళ్ల వయసొచ్చిన కుక్కను దత్తత తీసుకో. పిల్ల అయితే దాని స్వభావం రేపు ఏమవుతుందో తెలియదు. వయసొచ్చినదైతే పెద్ద సైజు కుక్కల్ని చూసి భయపడుతుందా, మీదికి పోతుందా, పట్టించుకోదా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ ఊళ్లో క్యూపా అనే జంతు సంక్షేమ సంస్థ వాళ్ల సెకండ్ ఛాన్స్ అడాప్షన్ సెంటర్ ఉంది, జనం వదిలేసిన జాతి కుక్కల కోసమే పెట్టారు. స్పిట్జ్‌లు, షిట్జూలు అక్కడికి వస్తూనే ఉంటాయి పాపం.

హోస్కోట_తోట

సరే పసుపు గారూ, చెయ్యాలనే నిర్ణయం అయ్యాక ఎలాగో చెప్తాను.

ఒక డమ్మీని రెండు కుక్కలకు ఎప్పుడూ విసరకండి. ఇంట్లో సరదాకి కూడా వద్దు. పోటీ వస్తే ల్యాబ్ గట్టిగా కరిచి పట్టుకోవడం నేర్చుకుంటుంది. మెత్తగా తెచ్చి చేతిలో పెట్టే నోరు ఒకసారి గట్టిపడితే తిరిగి మెత్తబడదు. న్యూఫౌండ్‌ల్యాండ్ జాలర్ల కుక్కల నుంచి వచ్చి, బ్రిటన్‌లో తరాలపాటు ఎంచి ఎంచి కలిపితే నిలిచిన గుణం అది. ఇంట్లో పీకులాట ఆటతో పోగొట్టుకోకూడదు. డమ్మీలు చిన్నదానికి అందని ఎత్తులో తగిలించండి. దానికి కావాలంటే చుట్టిన సాక్సు ఇవ్వండి.

ఇంతకన్నా ముఖ్యమైనది బంతులు. చిన్న కుక్క కోసం కొన్న చిన్న బంతి ల్యాబ్ గొంతు వెనకాల సరిగ్గా ఇరుక్కునే సైజు. ఆ ఇరుకుతో నిమిషాల్లో ప్రాణం పోతుంది. అందరూ పెద్దదాని వల్ల చిన్నదానికి ప్రమాదమనే ఆలోచిస్తారు, చిన్నదాని బొమ్మల వల్ల పెద్దదానికి ఉన్న ప్రమాదం ఎవరికీ తట్టదు. ఇంట్లో ఏ బొమ్మ ఉన్నా అది రాణా నోటికి సరిపడేంత పెద్దదై ఉండాలి.

పేరు కూడా చూసి పెట్టండి. మీరు రాణాను పేరు పిలిచి పంపుతారు. చిన్నదానికి "రాజా", "రాణి" అని పెడితే అమ్మగారు వంటింట్లోంచి పిలిచినప్పుడల్లా రాణా లేస్తాడు. "చిట్టి" కూడా వద్దు, "సిట్"కు దగ్గరగా వినిపిస్తుంది. విజిల్ చిన్నదానికి అసలు వాడకండి. ఒక పొడుగు ఊదు ఊదితే ఆగడం, వరసగా చిన్న ఊదులకు వెనక్కి రావడం, ఇవి ల్యాబ్‌లకే. దాన్ని నోటితో పిలవండి.

శిక్షణకు వెళ్లేటప్పుడు మొదట్లో చిన్నదాన్ని ఇంట్లోనే వదలండి. చాప మీద నోరు మూసుకుని ఉండడం దానికి పూర్తిగా వచ్చాక ఒకరోజు తోటకు తెచ్చి దూరంగా కూర్చోబెట్టండి. అప్పుడు అదే మీకు మంచి పరీక్ష. పక్కన తెల్లటి బొచ్చుకుక్క ఉన్నా రాణా చూపు డమ్మీ మీదే ఉంటే మీ కుదురు నిజమైన కుదురు. ఈ ఒక్క విషయంలో చిన్నది పనికి సాయం చేస్తుందని ఒప్పుకుంటాను.

అనంత_వాసి (వైట్‌ఫీల్డ్)

తెలియక అడుగుతున్నా, మన దగ్గర వేట లేదు కదా, ఈ కుక్కలు చేసే "పని" ఏమిటి? వెక్కిరింపు కాదు, నిజంగా తెలుసుకోవాలని.

హోస్కోట_తోట

మంచి ప్రశ్న. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన దేశంలో తుపాకీ వెనక నడిచే రిట్రీవర్‌కు వేట పని లేదు, ఉండకూడదు కూడా. అందుకే మేం డమ్మీలతో చేస్తాం. కుక్కకు కావలసింది పక్షి కాదు, వెతకడం, మొయ్యడం, మనిషికి తెచ్చి ఇవ్వడం. తోటల్లో కూడా నేల మీద గూళ్లు కట్టే పక్షులున్న గడ్డి వైపు వదలం.

ఆ గుణాలే అసలు ఉద్యోగాల్లో పనికొస్తున్నాయి. ఇక్కడ ఆడుగోడిలో పోలీసు డాగ్ స్క్వాడ్‌లో ల్యాబ్‌లు ఉన్నాయి. 2023లో తుర్కియే భూకంపం వచ్చినప్పుడు ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) తీసుకెళ్లిన జూలీ, రోమియో శిథిలాల కింద బతికున్న ఆరేళ్ల పాపను పట్టిచ్చాయి. ఆ రెండూ ల్యాబ్‌లే. కూలిన ఇటుకల వాసన, డీజిల్ వాసన, జనం, గోల, అన్నిటి మధ్యా ఒకే వాసన మీద మనసు పెట్టగల కుక్క అది. అందుకే నేను కుదురు, కుదురు అని విసిగిస్తాను.

మల్లేశ్వరం_ఉష

అమ్మగారి వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. మా అత్తగారు, ఒక స్పిట్జ్, ఒక ల్యాబ్ ఒకే ఇంట్లో ఉన్నారు.

పెద్దవాళ్లకు చిన్న కుక్కతో ఉన్న అసలు ప్రమాదం కాలికి అడ్డం పడడం. చప్పుడు లేకుండా వెనకాలే వస్తుంది, తిరిగేసరికి కాళ్ల మధ్య ఉంటుంది. మెడ పట్టీకి చిన్న మువ్వ కట్టండి. రాత్రి బాత్రూమ్‌కు వెళ్లే దారిలో లైటు ఉంచండి. నడిపించేటప్పుడు చిన్నదానికి మెడ పట్టీకి కాకుండా హార్నెస్‌కు గొలుసు తగిలించండి. ఆ జాతుల శ్వాసనాళం సున్నితం, గుంజితే దగ్గు మొదలవుతుంది.

రెండోది తిండి. పెద్దవాళ్లు పెట్టకుండా ఉండలేరు, వద్దన్నా వినరు. కాబట్టి ఏం పెట్టకూడదో మాత్రం వంటింటి తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ, చాక్లెట్. పాయసంలో, కేసరిలో కిస్మిస్ ఉంటుందని మనకు గుర్తే రాదు. ముప్పై కిలోల ల్యాబ్ తట్టుకునే మోతాదు అయిదు కిలోల దానికి విషం. పండగ రోజు చుట్టాలకు కూడా చెప్పాలి.

అన్నం గిన్నెలు వేరు గదుల్లో పెట్టండి, తలుపు వేసి. చిన్నది నెమ్మదిగా తింటుంది, ల్యాబ్ తనది ముగించి దీని దగ్గరికి వస్తుంది.

హెబ్బాళ_వెట్

ఉష గారి చివరి మాటకు కొంచెం జోడిస్తాను. ల్యాబ్ తిండి ఆరాటం మీద కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో చేసిన పని ఉంది. సుమారు నాలుగింట ఒక ల్యాబ్‌లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుంది. ఆ కుక్కకు కడుపు నిండిన కబురు సరిగా అందదు. మనుషులకు సాయం చేసే పనికి ఎంచిన ల్యాబ్‌లలో (అసిస్టెన్స్ డాగ్స్) ఈ లోపం ఇంకా ఎక్కువగా కనిపించింది. తిండి ఆశతో బాగా నేర్చుకునే వాటినే ఆ పనికి ఎంచుకోవడం దానికి కారణం కావచ్చని వాళ్లు అన్నారు. అందుకని మీ రాణా చిన్నదాని గిన్నె మీద పడితే దాన్ని దొంగ అని కొట్టకండి. తలుపు వెయ్యండి, చాలు.

చిన్న జాతుల మేతలో ఒక్కో గింజకు కాలరీలు ఎక్కువ. అది రోజూ కాస్త ల్యాబ్‌కు అందినా కీళ్ల మీద బరువై కూర్చుంటుంది.

ఆడ, మగ గురించి ఎవరూ చెప్పలేదు. రాణాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? కాకపోతే ఆపరేషన్ కాని చిన్న ఆడకుక్కను తేకండి. ఎదకు వచ్చినప్పుడు ల్యాబ్‌తో కలిస్తే పిల్లలు పెద్దవై కాన్పు తల్లి ప్రాణం మీదికి వస్తుంది. దత్తత కేంద్రాల నుంచి వయసొచ్చిన కుక్క వస్తే సాధారణంగా ఆపరేషన్ చేసే ఇస్తారు, అదొక సౌలభ్యం.

పసుపు_ల్యాబ్

రాణాకు చేయించలేదు. చిన్నది ఆపరేషన్ అయినదే చూస్తాను. మిగతావి రాసుకున్నాను. అమ్మ పగ్ ఆలోచన మానుకుంది, వేళచ్చేరి గారి పోస్టు చదివి.

చిన్న_కుక్కల_అక్క

ఇంకొకటి. మీ ల్యాబ్‌లకు పని ఉంది, అమ్మగారి కుక్కకు కూడా ఏదో ఒక పని ఇవ్వండి. దూదిలో రెండు లవంగాలు చుట్టి, చిల్లులు పెట్టిన చిన్న డబ్బాలో పెట్టి, ఆ వాసన దగ్గర ముక్కు పెట్టినప్పుడల్లా చిన్న చికెన్ ముక్క. తర్వాత డబ్బాను సోఫా కింద, చెప్పుల స్టాండ్ వెనక దాచి వెతికించడం. కూర్చున్నచోటి నుంచే అమ్మగారు నడిపించగలరు. ముక్కుతో కాసేపు పని చేసిన కుక్క కిటికీ దగ్గర నిలబడి వీధినంతా తిట్టదు. మాయకు నేర్పే వాసన మాత్రం వేరేది ఉండాలి, రెండూ కలవకూడదు.

పసుపు_ల్యాబ్

అందరికీ అప్‌డేట్. ఆలస్యానికి ఏమనుకోకండి, ఇల్లంతా హడావిడిగా ఉంది.

దత్తతకే వెళ్లాం. స్పిట్జ్ కలిసిన ఆడది, నాలుగేళ్లు ఉండొచ్చన్నారు, ఆరు కిలోలు, ఆపరేషన్ అయింది. అమ్మను ముందు తీసుకెళ్లాను, తర్వాత మాయను. మాయను చూసి భయపడలేదు, మీదికి రాలేదు, ఒకసారి వాసన చూసి అమ్మ చెప్పుల దగ్గర పడుకుంది. అమ్మ అక్కడే "లడ్డూ" అని పేరు పెట్టేసింది. హోస్కోట అన్నా, ఏ ఆజ్ఞకూ దగ్గరగా లేదు కదా?

మాయతో అసలు ఇబ్బంది లేదు. లడ్డూ దాని చెవి దగ్గర పళ్లు చూపించినా తల తిప్పుకుని వెళ్లిపోతుంది. మొరుగుడు వీధి గేటు దగ్గర ఉంది, చాప పాఠం నడుస్తోంది. లవంగం డబ్బా అమ్మకు తెగ నచ్చింది, అత్తయ్యకు వీడియో కాల్‌లో చూపించి మరీ వెతికిస్తోంది.

రాణాతోనే సందేహం. ఇంట్లో అడ్డుగేటు అవతల లడ్డూ నెమ్మదిగా నడిస్తే పట్టించుకోడు. అది పరుగు తీస్తే మాత్రం ఒళ్లంతా బిగిసి, తల కిందికి దించి, రెప్ప వెయ్యకుండా చూస్తాడు. తోక ఊగదు. పిలిస్తే వస్తాడు కానీ ఒక క్షణం ఆలస్యంగా.

హెబ్బాళ_వెట్

ఆ చూపును తేలిగ్గా తీసుకోకండి. కోపం కాదది, పరిగెత్తే చిన్న ప్రాణిని వెంటాడే పాత బుద్ధి. చిన్నది కీచుమంటే ఇంకా రాజుకుంటుంది. రాణా మంచివాడే అయినా, ఆ క్షణంలో ఎదురుగా ఉన్నది లడ్డూ అన్న సంగతి దానికి తోచకపోవచ్చు. ఇంకొన్ని నెలలు రెండూ ఒకే గదిలో వదులుగా వద్దు. రాణా గొలుసు మీద, లడ్డూ చాప మీద.

హోస్కోట_తోట

లడ్డూ పేరు బాగుంది, ఇబ్బంది లేదు.

డాక్టర్ గారు చెప్పినదానికి పని వైపు నుంచి ఒకటి. ఆ ఒక క్షణం ఆలస్యాన్ని అలవాటు కానివ్వకండి. గేటుకు ఎంత దూరంలో నిలబడితే పిలవగానే మెడ తిప్పుతాడో ఆ దూరం నుంచి మొదలుపెట్టండి. అమ్మగారు లడ్డూను నెమ్మదిగా నడిపిస్తారు, రాణా చూస్తాడు, మీరు పేరు పిలుస్తారు. మెడ తిప్పిన క్షణమే వెనక వైపుకు డమ్మీ విసిరి పంపండి. లడ్డూ నుంచి చూపు తిప్పుకుంటే పని దొరుకుతుందని వాడికి అర్థం కావాలి. అది కుదిరాక దూరం తగ్గించండి, ఆ తర్వాతే లడ్డూ నడక వేగం పెంచండి. రెండూ ఒకే రోజు మార్చకండి. తోటలో ఒకసారి నేనూ చూస్తాను, ఆదివారం రండి. లడ్డూ ఇంట్లోనే ఉండనివ్వండి.

పసుపు_ల్యాబ్

తప్పకుండా వస్తాను అన్నా. రాణాను మాత్రమే తెస్తాను.

మల్లేశ్వరం_ఉష

పసుపు గారూ, మీ గేటు ఎక్కడ కొన్నారు? మేం ఆన్‌లైన్‌లో కొన్నది మా ల్యాబ్ ఒక్క తోపుకే ఊడొచ్చింది.

పసుపు_ల్యాబ్

కొనలేదండీ, మా వీధి వెల్డింగ్ షాపులో చేయించాను. గోడకు బోల్టులు వేసి బిగించాం. ఎత్తు నా నడుము దాకా ఉంది, ఊచల మధ్య లడ్డూ తల దూరకుండా సందు తగ్గించమన్నాను. గడియ అమ్మ వంగకుండా అందేలా పైన పెట్టించాను. రాణా ముక్కుతో లేపెయ్యకుండా గడియకు స్ప్రింగ్ అడగండి, అది మర్చిపోకండి. కొలతలు, ఫొటో సాయంత్రం పెడతాను.